నికోటిన్ గమ్‌కీ టీ కొట్టుకీ ఎందుకు పడదు?

"డ్యూటీలో సిగరెట్ మానేద్దామని నికోటిన్ గమ్ కొన్నాను. రెండు షీట్లు అయిపోయినా చెయ్యి సిగరెట్ మీదికే పోతోంది. ఈ గమ్ ఉత్త మోసమా?" నైట్ షిఫ్టులు చేసేవాళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. మోసమేం కాదు. చాలాసార్లు తప్పు గమ్‌దీ కాదు, మనిషి పట్టుదలదీ కాదు. గమ్ వేసుకోబోయే ముందు తాగిన కాఫీది, కూల్‌డ్రింక్‌ది.

అసలీ గమ్ పుట్టిందే పనిచోట పొగ తాగే వీల్లేనివాళ్లను చూసి. జలాంతర్గామిలో సిగరెట్ వెలిగించడం కుదరక స్వీడన్ నావికులు పొగాకును నోట్లో పెట్టుకుని గడిపేసేవాళ్లు. లుండ్ విశ్వవిద్యాలయంలోని క్లాస్ లుండ్‌గ్రెన్ అది గమనించి, మందుల కంపెనీలో ఉన్న మిత్రుడు ఓవె ఫెర్నోకు 1967లో ఉత్తరం రాశాడు. పొగాకు లేకుండా నికోటిన్ ఒక్కదాన్నే చెంప గుండా ఇస్తే? ఆ ఆలోచనే గమ్ అయింది. 1978లో స్విట్జర్లాండ్‌లో అనుమతి దొరికింది.

ఇక అసలు విషయం చెంప లోపలి పొరది. నికోటిన్ క్షారం. ఆమ్లం తగిలితే ఒక ప్రోటాన్‌ను అంటించుకుని విద్యుదావేశమున్న అయాన్‌గా మారిపోతుంది. కణాల పైపొర కొవ్వుతో అల్లినది కాబట్టి ఆవేశమున్నదాన్ని లోపలికి రానివ్వదు. ఆమ్లగుణాన్ని కొలిచేది పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నికోటిన్ పీకేఏ, అంటే సగం ఆవేశంతో, సగం ఆవేశం లేకుండా ఉండే పీహెచ్, సుమారు 8. నోట్లో పీహెచ్ 8 ఉంటే సగం నికోటిన్ పొర దాటగలిగే రూపంలో ఉంటుంది. 7కి దిగితే నూటికి 9 వంతులు, 6కి దిగితే 1 వంతు. కాఫీ పీహెచ్ దాదాపు 5, అక్కడ మిగిలేది వెయ్యికి ఒక వంతు! అందుకే లాలాజలం పీహెచ్‌ను పైకి లేపడానికి గమ్‌లో సోడియం కార్బొనేట్ లాంటి లవణాలు కలుపుతారు. కాఫీ, కోలా ఆ కష్టాన్ని గంగలో కలుపుతాయి. టీ కూడా ఆమ్లం వైపే, లెమన్ టీ అయితే చెప్పనక్కర్లేదు. బడిలో పీహెచ్ పాఠం లిట్మస్ కాగితంతో ఆగిపోతుంది. ఈ చెంప కథ ఒక్కటి చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

చుట్టకీ సిగరెట్‌కీ తేడా కూడా ఇదే. ప్రకాశం జిల్లాలో పొగాకు పండబెట్టే బ్యారన్లలో వేడిగాలికి పండిన, సిగరెట్లలో వాడే వర్జీనియా ఆకు పొగ ఆమ్లగుణం గలది, నోట్లో ఇంకదు. ఊపిరితిత్తుల్లోకి లాగాల్సిందే. చుట్ట పొగ క్షారం వైపు ఉంటుంది కాబట్టి మింగకపోయినా చెంప గుండానే ఎక్కేస్తుంది.

ఇప్పుడు నమిలే పద్ధతి. ముందు 15 నిమిషాలు నీళ్లు తప్ప ఏమీ వద్దు, నములుతున్నంతసేపూ అంతే. మెల్లగా నమలండి. మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, చెంపకీ చిగుళ్లకీ మధ్య దోపండి. నిమిషంలో చురుకు తగ్గుతుంది. మళ్లీ నమిలి, ఈసారి రెండో వైపు పెట్టండి. అరగంట ఇలాగే. బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి జారుతుంది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి, పైగా అందులో ఎక్కువ భాగాన్ని రక్తంలో చేరకముందే కాలేయం విరిచేస్తుంది.

లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది. మొదటి ఆరు వారాలు గంటా రెండు గంటలకొకటి. రోజుకు రెండు మూడు వేసుకుని "పనిచేయలేదు" అంటే ఎలా? కనీసం 9 పడాలి, 24 దాటకూడదు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టర్ని అడిగాకే.

సిగరెట్ నికోటిన్ 10-20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. గమ్‌తో రక్తంలో నికోటిన్ పూర్తిగా పెరగడానికి దాదాపు అరగంట పడుతుంది. కాబట్టి కోరిక పుట్టాక నమిలితే ఆలస్యమే. 11 గంటలకు బ్రేకైతే 10:15కే కాస్త నీళ్లు తాగి, 10:30కు గమ్ మొదలుపెట్టండి.

ఒక్క జాగ్రత్త. పొగలోని తారు పదార్థాలు కెఫీన్‌ను విరిచే సీవైపీ1ఏ2 అనే కాలేయ ఎంజైమును పెంచుతాయి. పొగ ఆపిన కొద్ది రోజుల్లోనే ఆ ఎంజైము తగ్గిపోతుంది, అవే కాఫీలకు రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. ఈ ఎంజైమును పెంచేది నికోటిన్ కాదు, కాబట్టి గమ్ నమిలినా ఇది తప్పదు. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. దాన్ని సిగరెట్ మానిన బాధే అనుకుని మళ్లీ వెలిగించేవాళ్లున్నారు. మానిన మొదటి వారం నుంచే కాఫీ, టీలు సగానికి తగ్గించండి.