ఒక్క ‘మా’, భాషకో అర్థం

చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకి రోజూ కనీసం మూడు నాలుగు రకాల ‘మా’లు చెవిన పడుతుంటాయి. ఇంట్లో ‘మా ఊరు నెల్లూరు దగ్గర’ అంటే అది మాది, వింటున్న నీది కాదు అని. మెట్లు దిగి సందు చివరి కొట్టుకి వెళ్తే అక్కడ ప్యాకెట్లలో అమ్మే ఇడ్లీపిండి ‘మావు’, దాని పాత తమిళ రూపం ‘మా’. కొట్టావిడ ‘ఎన్నమా వేణుం’ (ఏం కావాలమ్మా) అని అడిగితే ఆ చివరి ‘మా’ అమ్మలోంచి తెగి వచ్చిన ముక్క, మన ‘ఏమ్మా’లో ఉన్నట్టే. పక్కనే బుట్టలో ఉన్నది ‘మాంగాయ్’, అంటే ‘మా’ అనే చెట్టు కాయ. తమిళ మలయాళాల్లోని ఈ మాటే పోర్చుగీసు వాళ్ల నోట్లో ‘మాంగా’ అయి, అక్కడినుంచి ఇంగ్లీషు మ్యాంగోగా మారింది. బెంగళూరులో ఉన్న చుట్టాలింటికి వెళ్తే ఇంకో తిరకాసు ఎదురవుతుంది. చెన్నైలో పిండి అయిన ‘మావు’ కన్నడంలో మామిడి!

తమిళ వ్యాకరణాలు ఇలాంటి ఒక్కక్షరం మాటల్ని ఏనాడో లెక్కపెట్టాయి. 13వ శతాబ్దపు ‘నన్నూల్’లో పవణంది 42 ఒక్కక్షరం మాటలున్నాయని చెప్పాడు, వాటిలో ఆరు మకారంతో మొదలయ్యేవే. ఒక్క ‘మా’కే తమిళంలో మామిడి, పిండి, జంతువు, పెద్ద అనే అర్థాలున్నాయి, ఇవి చాలవన్నట్టు అది ఒక భిన్నం కూడా. పాత తమిళ లెక్కల్లో ‘మా’ అంటే ఇరవయ్యో వంతు, దాంట్లో నాలుగో భాగం ‘కాణి’.

సంస్కృతం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాల్మీకి నోట మొదట వచ్చిన శ్లోకం ‘మా నిషాద’ అని మొదలవుతుంది కదా, అక్కడ ‘మా’ అంటే వద్దు, కూడదు అని. క్రౌంచ పక్షిని కొట్టిన వేటగాడికి నిలకడ లేకుండా పోవాలని శాపం అది. అదే సంస్కృతంలో ‘మా’ అంటే లక్ష్మి కూడా, ఆమె భర్త కాబట్టే విష్ణువు మాధవుడు. ఈ రెండో అర్థం పట్టుకుని వ్యాఖ్యాతలు ‘మానిషాద’ని ఒకే మాటగా, ‘లక్ష్మికి నివాసమైనవాడా’ అని చదివి, ఆ శాపాన్ని విష్ణు స్తుతిగా మార్చి చూపించారు. ఒక్క అక్షరానికి రెండు అర్థాలుండటం వల్ల ఒకే పంక్తి శాపమూ అయింది, స్తుతీ అయింది.

ఇక మన దేశం దాటితే ఈ ‘మా’ వేషాలకి అంతే లేదు. ఫిన్నిష్ భాషలో నేల, దేశం. దానికి దూరపు చుట్టమైన హంగేరియన్‌లో ‘ఇవాళ’. ఇటాలియన్‌లో ‘కానీ’, అరబిక్‌లో చోటుని బట్టి ‘ఏమిటి’ లేదా ‘కాదు’. థాయి భాషలో గొంతు సమంగా ఉంచి అంటే ‘రావడం’, పైకెత్తి అంటే గుర్రం, దించి పైకి లేపితే కుక్క. వియత్నామీస్‌లో ఇలాంటి గొంతు ఎత్తుపల్లాలు, అంటే స్వరాలు, ఆరున్నాయి, ఆరింటికీ ఆరు మాటలు. దెయ్యం, కానీ, అమ్మ, సమాధి, గుర్రం, వరినారు. పొలం పనీ పితృదేవతలూ ఒకే అక్షరంలో సర్దుకుపోయిన ఆ వరస నాకు చాలా ఇష్టం.

ఇది చూసి ఆశ్చర్యపోవడం సహజమే, కానీ కాస్త లెక్క వేస్తే ఆశ్చర్యం ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. ఒక భాషలో పాతిక హల్లులు, పది అచ్చులు ఉన్నాయనుకుందాం. ఒక హల్లూ ఒక అచ్చూ కలిసిన పొట్టి ముక్కలు 250 వస్తాయి, అంతకన్నా రావు. చెప్పాల్సిన సంగతులు మాత్రం వేలల్లో ఉంటాయి. ప్రపంచంలో దాదాపు 7,000 భాషలున్నాయి, వాటిలో చాలా కొద్దిటిని తప్పిస్తే అన్నిటిలోనూ మకారం ఉంది, అకారం కూడా. పెదాలు మూసి తెరిస్తే చాలు, ‘మా’ వచ్చేస్తుంది. ఇంత తేలికైన ముక్కని ఏ భాషైనా ఏ అర్థానికీ వాడకుండా వదిలేస్తే అదీ వింత.

చాలా భాషలు వదలకుండా పట్టుకున్న అర్థం ఒకటుంది, అమ్మ. రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1960లో దీని గురించి రాశాడు. రకరకాల భాషల నుంచి సేకరించిన, వెయ్యికి పైగా ఉన్న అమ్మ, నాన్న పిలుపుల్ని చూస్తే, అమ్మని పిలిచే మాటల్లో 55 శాతం మ, న లాంటి అనునాసికాలతో ఉన్నాయి, నాన్న మాటల్లో 15 శాతమే. కారణం కూడా చెప్పాడు. పాలు తాగుతున్న పసివాడి నోరు మూసుకుపోయి ఉంటుంది, అప్పుడు రాగలిగిన శబ్దం ముక్కులోంచి వచ్చే మూలుగొక్కటే. కొన్నాళ్లకి పాలు కావాలన్నా, ఆకలేసినా, అమ్మ కనబడినా అదే శబ్దం చేస్తాడు. దానికి అర్థం ఇచ్చేది పెద్దవాళ్లే. అన్ని చోట్లా ఒకే అర్థం ఇవ్వాలని కూడా లేదు, జార్జియన్ భాషలో ‘మామా’ అంటే నాన్న, ‘దేదా’ అంటే అమ్మ. మన ‘నాన్న’ కూడా ఆ 15 శాతం వైపే ఉంటాడు, మూడు నకారాలతో.

అయితే పొట్టి మాటలన్నీ పుట్టుకతోనే పొట్టివి కావు. ఎక్కువ భాగం అరిగిపోయినవి. మన ‘మా’ సంగతే చూడండి. పాత తమిళంలో ‘నా’ అనడానికి ‘ఎన్’, ‘మా’ అనడానికి ‘ఎమ్’. తెలుగులో మొదటి అచ్చు జారిపోయి హల్లు ముందుకొచ్చింది, ఎన్ స్థానంలో నా, ఎమ్ స్థానంలో మా. ఇలా జరిగింది ఈ రెండు మాటలకే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. తమిళ అవర్ మనకి వారు, ఇరండు రెండు, ఉరల్ రోలు, ఉళ్ లో. ఇన్ని మాటల్లో ఒకే కదలిక కనిపిస్తోంది, అందుకే దీన్ని సూత్రం అంటున్నారు. అరుగుదలలో ఒక క్రమం ఉంటుంది, ఇష్టం వచ్చినట్టు అరగదు. వియత్నామీస్‌లోని ఆ స్వరాలు కూడా ఇలాంటి అరుగుదలలోంచి వచ్చినవేనని ఫ్రెంచి పండితుడు ఆంద్రె జార్జ్ ఓద్రికూర్ 1954లో చూపించాడు. ఒకప్పుడు మాట చివర హల్లులు ఉండేవి, అవి పోతూ పోతూ గొంతు ఎత్తుపల్లాలని మిగిల్చి పోయాయి. థాయి లిపిలో ఇప్పటికీ కుక్క అని రాయడానికి మకారం ముందు ఒక హకారం రాస్తారు, దాన్ని ఎవరూ పలకరు, ఒకప్పుడు అక్కడ ఊపిరి ఉండేదనడానికి ఆ అక్షరమే సాక్ష్యం.

మరి ఇన్ని అర్థాలు ఒకే ముక్క మీద పడితే గందరగోళం అవదా? అవదు. ‘మా’ ఒక్కటే గాలిలో వేలాడుతూ ఎవరికీ వినిపించదు. ముందొక మాట, వెనకొక మాట, ఎదురుగా కొట్టో వంటిల్లో ఉంటుంది. 2012లో స్టీవెన్ పియాంటడోసి, హ్యారీ టిలీ, ఎడ్వర్డ్ గిబ్సన్ ఇంగ్లీషు, జర్మన్, డచ్ భాషల మాటల్ని పరిశీలించి, పొట్టివీ తరచూ వాడేవీ నోటికి తేలిగ్గా వచ్చేవీ అయిన మాటలకే ఎక్కువ అర్థాలు ఉంటాయని చూపించారు. వాళ్ల వాదన ఏమిటంటే, సందర్భం ఎలాగూ అర్థం తేల్చేస్తుంది కాబట్టి తేలికైన మాటనే మళ్లీ మళ్లీ వాడుకోవడం భాషకి పొదుపు. ఇది నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. పొట్టి మాటకి నాలుగు అర్థాలుంటే భాష పేదదని అనేవాళ్లున్నారు, అసలు జరుగుతున్నది వినేవాడి బుర్ర మీద ఉన్న నమ్మకంతో మాట్లాడేవాడు తన శ్రమ తగ్గించుకోవడం. ఒక్కోచోట ఈ పొదుపు గీత కూడా మారుతుంది, బెంగళూరులో ‘నమ్మ మెట్రో’ అన్నప్పుడు అది మా మెట్రోనా మన మెట్రోనా అన్న తేడా కన్నడం చూపించదు, తెలుగూ తమిళమూ ఆ తేడాని వదులుకోలేదు.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరొకటి. ఫలానా దేశం భాషలో ఫలానా మాట అచ్చం మన మాటలాగే ఉంది, కాబట్టి ఆ భాష మన భాషలోంచే పుట్టింది అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు. పిల్లలు వాటిని నమ్మేస్తున్నారు. ఫ్రెంచిలో ‘మా’ అంటే ‘నా’, స్త్రీలింగానికి వాడతారు. తెలుగు ‘మా’కి ఎంత దగ్గరగా ఉందో! కానీ రెండింటినీ కాలంలో వెనక్కి నడిపించి చూడండి. ఫ్రెంచి మా లాటిన్ ‘మేయా’లోకి పోతుంది, తెలుగు మా ‘ఎమ్’లోకి పోతుంది. వెనక్కి వెళ్లేకొద్దీ దూరమైపోతున్నాయి, కాబట్టి చుట్టరికం లేదు. ఆస్ట్రేలియాలో ఎంబబరం అనే ఆదివాసీ భాషలో కుక్కని ‘డాగ్’ అనే అంటారు, దానికి ఇంగ్లీషుతో ఏ సంబంధమూ లేదు, పక్కనున్న యిదిన్ భాషలో అది ‘గుడగా’, అందులో మొదటి ముక్క రాలిపోయి ఇలా మిగిలింది. దీనికి వ్యతిరేకంగా, సంస్కృతంలో వద్దు అనే ‘మా’కీ పాత గ్రీకులో అదే అర్థం ఉన్న ‘మే’కీ నిజంగానే చుట్టరికం ఉంది, ఎందుకంటే ఆ రెండు భాషల మధ్య అలాంటి జతలు వందల్లో దొరుకుతాయి, అన్నీ ఒకే సూత్రాలకి లోబడి.

ఈ పద్ధతితో మన భాషల చుట్టరికం మొదట తేల్చింది మద్రాసులోనే. 1816లో, అక్కడ కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, ఎ. డి. క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ఒక ముందుమాట లాంటి వ్యాసం జోడించాడు. ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో తెలుగు చెప్పే పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక అతనికి ఆధారం. తెలుగు, కన్నడ, తమిళ ధాతువుల్ని పక్కపక్కనే వరసలుగా పెట్టి, ఇవి ఒకే కుటుంబమని, సంస్కృతం నుంచి పుట్టలేదని ఎల్లిస్ చూపించాడు. సాధారణంగా ఈ ఘనత దక్కే రాబర్ట్ కాల్డ్వెల్ రాసిన ద్రావిడ భాషల వ్యాకరణం అచ్చయింది దానికి 40 ఏళ్ల తర్వాత, 1856లో.