సాయం పట్టాకా, సాగుకా? రైతుబంధు లెక్క వెనుక కథ

సాగు మొదలయ్యే ముందే ఎకరాల లెక్కన పెట్టుబడి సాయం ఇచ్చిన తెలంగాణ పథకం రైతుబంధు. దానివల్ల సాగు బాగుపడిందా అని ఎవరు అడిగినా వచ్చే జవాబు ఒకటే: ఇన్ని లక్షల ఖాతాల్లో ఇన్ని వేల కోట్లు వేశాం. అడిగేది ఫలితం, చెప్పేది ఖర్చు. పథకం పుట్టిన తీరు చూస్తే ఇలా ఎందుకు జరిగిందో తెలుస్తుంది.

అంతకు ముందు రైతుకు సాయమంటే రుణమాఫీయే. 2008లో కేంద్రం దేశమంతటా మాఫీ చేసింది. దాని మీద 2013లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక వచ్చింది. పరిశీలించిన దాదాపు 90 వేల ఖాతాల్లో 22 శాతానికి పైగా లోపాలు బయటపడ్డాయి. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేసినవాడికి ఆ మాఫీతో పనే లేదు. తెలంగాణ ఏర్పడ్డాక లక్ష రూపాయల వరకు మాఫీ చేశారు గానీ, నాలుగు విడతలు చేయడంతో ఈలోగా వడ్డీ పెరిగింది. అప్పయ్యాక తీర్చడం కంటే విత్తనం వేసే ముందే పెట్టుబడి చేతిలో పెడితే మేలు కదా అన్న ఆలోచనకు బలం వచ్చింది అక్కడే. ఆలోచన మంచిదే.

డబ్బు ఎవరికివ్వాలో తేల్చడానికి 2017 చివర్లో భూరికార్డుల ప్రక్షాళన చేపట్టారు. 2018 మే 10న హుజూరాబాద్‌లో కేసీఆర్ పథకాన్ని ప్రారంభించారు. సీజన్‌కు ఎకరాకు 4,000 రూపాయలు. మరుసటి ఏడాది నుంచి 5,000. తొలి బడ్జెట్ కేటాయింపు 12,000 కోట్లు. కొత్త పాసుపుస్తకమే అర్హత, విస్తీర్ణానికి పరిమితి లేదు. దాంతో రెండెకరాల రైతుకు సీజన్‌కు 8,000 వస్తే, యాభై ఎకరాల ఆసామికి రెండు లక్షలు వచ్చాయి. ఉన్నవాళ్లు వదులుకోండని పిలుపునిచ్చారు. పిలుపు పిలుపే, నిబంధన కాదు.

కౌలు రైతుకు మాత్రం చోటు లేదు. కౌలుదార్లు ఏటా మారతారనీ, అది యజమానికీ కౌలుదారుకూ మధ్య వ్యవహారమనీ అప్పటి ప్రభుత్వం వాదించింది. పాత పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే అనుభవదారు కాలమ్ కొత్త రికార్డుల్లో లేకుండా పోయింది. 2022లో రైతు స్వరాజ్య వేదిక 7,744 మంది రైతులను సర్వే చేస్తే దాదాపు 36 శాతం కౌలుకు చేస్తున్నవాళ్లే. దున్నేది ఎవరో రికార్డులో లేనప్పుడు, దున్నేవాడికి సాయం అందిందా లేదా అన్నది ఏ లెక్కకూ దొరకదు.

ఈ పథకం మీద జరిగిన గట్టి అధ్యయనం ఒకటుంది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు 2018లో చెక్కులు పంచుతున్నప్పుడు కొన్ని మండలాలను లాటరీ పద్ధతిలో ఎంచుకున్నారు. రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో కనుక్కుంటామని అక్కడి వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. ఆ మాటతోనే చెక్కు అందుకున్నవారు 1.5 శాతం పెరిగారు. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఫోన్లకైన ఖర్చుతో పోలిస్తే చాలా ఎక్కువ. అయితే గమనించండి, ఇది కూడా డబ్బు చేరిందా అన్న పరీక్షే. చేరిన డబ్బు ఏం చేసింది అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నిజంగానే కష్టం. పట్టా ఉన్న అందరికీ ఒకేసారి ఇచ్చారు కాబట్టి, సాయం అందినవారిని అందనివారితో పోల్చే వీలు పోయింది. పైగా 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు, 2019లో కాళేశ్వరం, ఊరూరా మద్దతు ధరకు వడ్ల కొనుగోలు. ఇవన్నీ దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. వరి విస్తీర్ణం పెరిగిందని చూపించి ఇది రైతుబంధు ఘనతే అనేవారి మాట నేను నమ్మను. రైతుబంధు పాత్ర ఏమీ లేదనేవారి దగ్గరా ఆధారం లేదు.

2019 ఫిబ్రవరిలో మొదలైన కేంద్రం పీఎం కిసాన్‌దీ ఇదే దారి: ఏడాదికి 6,000, భూమి ఉన్న కుటుంబానికే. రెండు హెక్టార్ల పరిమితిని కూడా కొన్ని నెలలకే ఎత్తేశారు. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబర్‌లో తెచ్చిన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లను చేర్చింది. వారికిచ్చే సాగు హక్కు పత్రానికి యజమాని ఒప్పుకోవాల్సి వచ్చేది. భూమి చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది సంతకం పెట్టలేదు.

2023 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్ ఎకరాకు ఏటా 15,000 ఇస్తామని, కౌలు రైతులకూ ఇస్తామని చెప్పింది. గుట్టలకూ, రియల్ ఎస్టేట్ వెంచర్లకూ, రోడ్లకూ పాత ప్రభుత్వం డబ్బులిచ్చిందని గెలిచాక లెక్కలు తీసింది. 2025 జనవరి 26న తెచ్చిన రైతు భరోసాలో సాగుకు పనికిరాని భూములను తొలగించి, ఎకరాకు ఏటా 12,000 చేసింది. భూమి లేని కూలీ కుటుంబాలకు ఆత్మీయ భరోసా పేరుతో వేరే పథకం పెట్టింది. ఎకరాల జాబితా మారింది గానీ, చెల్లింపు మళ్లీ పట్టాదారు ఖాతాకే. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ఏఈవోలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) ప్రతి వానాకాలం, యాసంగిలో నమోదు చేస్తూనే ఉన్నారు. ఆ పంట వేసింది ఎవరన్నది కూడా అక్కడే రాసి, సాయం జాబితాతో కలిపి చూస్తే, 2018 నుంచి వాయిదా పడుతున్న మదింపు కనీసం మొదలవుతుంది.