వాలితే ఇటాలిక్ అయిపోదు: అపోహలు - వాస్తవాలు

శుభలేఖలు, పుస్తకాల అట్టలు రూపొందించే నాకు వారానికోసారైనా వినబడే మాట: "ఇంగ్లీషు పేర్లు కాస్త వంకీలు తిరిగినట్టు పెట్టండి." పెడతాను. అయితే ఆ వంకీల అక్షరాల గురించి, అంటే ఇటాలిక్ గురించి ప్రచారంలో ఉన్న నమ్మకాలు కొన్ని సరిదిద్దుకోవాలి.

అపోహ: నిటారు అక్షరాన్ని పక్కకు వాలిస్తే ఇటాలిక్.

వాస్తవం: అది వాలిన అక్షరం, అంతే. ఇటాలిక్ పుట్టింది చేతిరాతలోంచి. ఇటలీ పండితులు వేగంగా రాసుకునే కలం రాతను చూసి ఫ్రాంచెస్కో గ్రిఫో అచ్చు అక్షరాలు చెక్కాడు. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ 1501లో లాటిన్ కవి వర్జిల్ కావ్యాలను వాటితో ముద్రించాడు. తమాషా ఏమిటంటే, అందులో పెద్ద అక్షరాలు (క్యాపిటల్స్) నిటారుగానే నిలబడ్డాయి, వాలినవి చిన్నవే! అసలు ఇటాలిక్‌లో వంపుకంటే ముందు రూపం మారుతుంది. రెండంతస్తుల 'ఎ' (a) ఒక్క అంతస్తుకు దిగుతుంది, చాలా వాటిలో 'ఎఫ్' (f) తోక, అక్షరాలు నిలబడే గీత కిందికి జారుతుంది. ఈ రెండూ చూస్తే అసలుదో నకిలీదో సాధారణంగా తెలిసిపోతుంది.

అపోహ: అందమైన అక్షరం ఏ సైజులోనైనా అందమే.

వాస్తవం: ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ప్లేఫెయిర్ డిస్‌ప్లే ఇటాలిక్‌తో ఒక శుభలేఖ చేశాను. క్లాస్ ఎగర్స్ సోరెన్సెన్ రూపొందించగా 2011లో వచ్చిన ఉచిత ఫాంటు ఇది. పేరులోనే డిస్‌ప్లే ఉంది, అంటే పెద్ద సైజులో చూడమని. వధూవరుల పేర్లు అద్భుతంగా వచ్చాయి. అదే ఫాంటుతో కల్యాణ మండపం చిరునామాను ఎనిమిది పాయింట్ల చిన్న సైజులో పెట్టి, పైగా బంగారు ఫాయిల్ వేయించాను. లావు గీతలు నిలిచాయి, వెంట్రుకంత సన్నని గీతలు అక్కడక్కడా తెగిపోయాయి. కార్డులన్నీ నా ఖర్చుతో మళ్లీ వేయించాను. తప్పు ప్రెస్సుది కాదు, నాదే. ఇలాంటి అక్షరాలకు శీర్షికలు, పేర్లు, అట్ట మీది నాలుగు మాటలు చాలు. చిరునామాకు, ముహూర్తానికి సాదా అక్షరమే మేలు.

అపోహ: పేరంతా పెద్ద అక్షరాల్లో పెడితే హుందాగా ఉంటుంది.

వాస్తవం: తోకలున్న పెద్ద అక్షరాలు పేరు మొదట ఒకటి ఉంటే ముచ్చట. వరుసగా ఎనిమిది ఉంటే ఒకదాని తోక ఇంకొకదాని కాలికి చుట్టుకుంటుంది. తోకలు విప్పుకోవాలని ఉంటే రెండు పేర్ల మధ్య వచ్చే 'అండ్' గుర్తుకు (&) వదిలేయండి. ఆ గుర్తు లాటిన్ 'ఎట్' (et) అనే మాట కలిపిరాత. చాలా ఇటాలిక్ ఫాంట్లలో ఆ రెండు అక్షరాలూ ఇప్పటికీ కనిపిస్తాయి.

అపోహ: ఇంగ్లీషు పేరు వాలింది కాబట్టి తెలుగు పేరునూ వాల్చాలి.

వాస్తవం: చాలా తెలుగు ఫాంట్లకు ఇటాలిక్ లేనే లేదు. ఆ బొత్తాం నొక్కగానే కంప్యూటర్ అక్షరాన్ని ఒక పక్కకు నెడుతుంది. గుండ్రని 'ఠ' కోడిగుడ్డవుతుంది, తలకట్టు ఒరిగిపోతుంది. నేనైతే తెలుగు పేరును నిటారుగానే ఉంచి, సన్నం, లావు తేడా స్పష్టంగా ఉన్న ఫాంటును ఎంచుకుంటాను. సైజు కూడా ఇంగ్లీషు పేరుకంటే కాస్త పెంచుతాను, లేకపోతే ఒత్తులు ఇరుకున పడతాయి.