ఫోన్‌లో బొమ్మ, గోడ మీద పటం: మా షాపులో వినిపించే అపోహలు

రాజమండ్రిలో పటాలు కడతాను, ప్రింటింగ్ కూడా చేస్తాను. రోజూ ఎవరో ఒకరు వాట్సాప్‌లో బొమ్మ పంపి "అన్నా, ఇది 12×18 కొట్టి ఫ్రేమ్ కట్టెయ్" అంటారు. గీసిందెవరని అడిగితే "ఇన్‌స్టాలో దొరికింది" అంటారు, చెట్టు కింద రాలిన మామిడికాయలా.

అపోహ: నెట్‌లో పెట్టారంటే వాడుకోమనేగా!

వాస్తవం: చూడమని పెట్టారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీయగానే హక్కు వచ్చేస్తుంది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాపీరైట్ గుర్తు లేకపోయినా అంతే.

అపోహ: మా ఇంట్లో, మా గోడకే కదా. తప్పేముంది?

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. సొంత వాడకానికి న్యాయమైన మేరకు సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. మీ ఇంటి ప్రింటర్లో ఒక కాపీ తీసి బీరువాకి అంటించుకుంటే ఎవరూ పట్టించుకోరు. కానీ నేను డబ్బు తీసుకుని కొడుతున్నాను. ఆ మినహాయింపు నాకూ వర్తిస్తుందని ధీమాగా ఉండలేను.

చట్టం సంగతి అలా ఉంచండి. ఈ బొమ్మలు గీసేవాళ్లలో చాలామందికి వాటి ప్రింట్లు అమ్ముకుంటేనే ఇల్లు గడుస్తుంది. అందుకే వాళ్ల పేజీలో ప్రింటు అమ్మకానికి ఉంటే నేను కొట్టను. అక్కడే కొనుక్కురండి, పటం నేను కడతాను. అమ్మకానికి లేకపోతే, "మా హాల్లో పెట్టుకోవాలనుంది, ఒక్క కాపీ, ఎంతివ్వమంటారు?" అని మెసేజ్ పెట్టమంటాను. మొహమాటపడుతూనే ఒకావిడ అలా అడిగితే, ఆ చిత్రకారిణి పైసా తీసుకోకుండా పెద్ద ఫైలే పంపింది. అందరూ అలా ఇవ్వరు. జవాబే రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు, వేరే బొమ్మ చూసుకోవడమే.

అపోహ: స్క్రీన్‌షాట్ చాలు.

వాస్తవం: ఇన్‌స్టా బొమ్మ వెడల్పు మామూలుగా 1080 పిక్సెళ్లు. 12 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 90 వస్తాయి. దగ్గర నుంచి చూసే బొమ్మకు నాకు కావాల్సింది 300. ఆ లెక్కన మీ స్క్రీన్‌షాట్ మూడున్నర అంగుళాలకు సరి. ఏఐతో పెంచి తెస్తున్నారు ఈమధ్య. కుంచె గీతలన్నీ ప్లాస్టిక్ బిందెలా నున్నగా వస్తున్నాయి.

అపోహ: పాత బొమ్మలకు హక్కులుండవు.

వాస్తవం: ఎంత పాతవన్నదే ప్రశ్న. చిత్రకారుడు పోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. వడ్డాది పాపయ్య 1992లో పోయారు, అంటే 2052 చివరిదాకా. బాపు బొమ్మలకైతే 2074 దాకా. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు, బాపు అందరివాడని వాదిస్తారు. రవివర్మ 1906లో పోయారు కాబట్టి ఇబ్బంది లేదు. తన లక్ష్మీ సరస్వతులు ఇంటింటి గోడా ఎక్కాలని 1894లో ఆయనే ప్రెస్సు పెట్టాడు కూడా. మా ఊరి దామెర్ల రామారావు ముప్పై నిండకుండానే 1925లో పోయారు. ఆయన బొమ్మలు అడిగేవాళ్లే తక్కువ, అదీ నా బాధ. విదేశీ చిత్రాలు కావాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి హక్కులు తీరిన బొమ్మల పెద్ద ఫైళ్లు ఉచితంగా ఇస్తోంది.

అపోహ: మూలనున్న సంతకం పటానికి అందం చెడగొడుతుంది.

వాస్తవం: ఫ్రేమ్ లోపల బొమ్మ చుట్టూ వేసే అట్టను మౌంట్ బోర్డు అంటాం, అది బొమ్మ అంచుల్ని కాస్త లోపలిదాకా కప్పేస్తుంది. సంతకం దాని కిందే పోతుంది, దాంతో గీసినవాళ్ల పేరూ పోతుంది. ఒకసారి నేనే అలా కట్టి, ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకున్నాను. గీసినాయనే ఫోన్ చేసి, "బొమ్మ బాగుంది, ఎవరు గీశారు?" అన్నాడు. ఇప్పుడు మౌంట్ కోసే ముందు కింద మూల చూస్తాను. సంతకం లేకపోతే పేరు కనుక్కుని పటం వెనక చీటీ అంటిస్తాను.