ఏథెన్స్ కోడలు ఆలిస్

ప్రియమైన పిల్లలకు,

ముందు మీరొక పని చెయ్యాలి. అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా 'పాప' అనండి. తర్వాత 'మామ' అనండి. రెండుసార్లూ పెదాలు ఒకేలా కలిసి విడిపోతాయి, చూశారా? నాకు చెవులు మందగించి చాలా ఏళ్లయింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే యువరాణి ఆలిస్ కథ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆలిస్ 1885లో ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో పుట్టింది. విక్టోరియా మహారాణికి మునిమనవరాలు. పుట్టుకతోనే చెవుడు. పిల్లకి మాటలు రావడం ఆలస్యమవుతోందని వాళ్లమ్మే ముందు కనిపెట్టింది, పెదాలు చూసి మాట గ్రహించడం నేర్పించింది. ఇంగ్లిష్, జర్మన్ ఆమెకు అలా వచ్చాయి. 1903లో, పద్దెనిమిదేళ్లకి, గ్రీస్ రాజుగారి కొడుకు ఆండ్రూతో పెళ్లయింది. మెట్టినింటి భాష గ్రీకు. ఒక్క ముక్క చెవిన పడకుండానే దాన్నీ నేర్చుకుంది.

1922లో టర్కీ చేతిలో గ్రీస్ ఓడిపోయింది. ఆ కోపం రాజకుటుంబం మీద పడింది. ఆండ్రూని దేశం నుంచి వెళ్లగొట్టారు. భార్యాభర్తలు, పిల్లలు ఒక బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి బయటపడ్డారు. ఏడాదిన్నర కొడుకు ఫిలిప్‌ని పళ్ల పెట్టెనే ఉయ్యాల చేసి పడుకోబెట్టారట. తర్వాత ఎలిజబెత్ రాణిని పెళ్లాడింది ఆ పిల్లాడే.

ఆ తర్వాత ఆలిస్ మనసు దెబ్బతింది. ఈ సంగతి మీకు చెప్పకుండా దాటెయ్యను. 1930లో డాక్టర్లు స్కిజోఫ్రెనియా అనే మనోవ్యాధి అన్నారు. ఆమె ఇష్టంతో పని లేకుండా స్విట్జర్లాండ్‌లో ఒక ఆసుపత్రిలో పెట్టారు. ఫిలిప్‌కి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఆమె ఆసుపత్రి నుంచి బయటికొచ్చేసరికి సంసారం చెల్లాచెదురైపోయింది. 1937లో ఒక కూతురు విమాన ప్రమాదంలో పోయింది. భర్తని ఆరేళ్ల తర్వాత మళ్లీ చూసింది ఆ అంత్యక్రియల్లోనే.

మరుసటి ఏడాది ఆమె గ్రీస్ రాజధాని ఏథెన్స్‌కి తిరిగొచ్చింది. పుట్టింటివాళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నారు, కూతుళ్లు జర్మనీలో ఉన్నారు. అయినా మెట్టినూరే తన ఊరనుకుంది. 1941లో జర్మన్లు ఊరిని ఆక్రమించుకుంటే రాజకుటుంబంలో చాలామంది దేశం దాటిపోయారు. ఆలిస్ మాత్రం అక్కడే ఉండి, ఆకలితో అల్లాడుతున్న జనానికి రెడ్‌క్రాస్‌తో కలిసి గంజి కేంద్రాలు నడిపింది. అల్లుళ్లు జర్మన్లు కదా, తమ మనిషే అనుకుని ఒక జర్మన్ జనరల్ వచ్చి, మీకేమైనా చేసిపెట్టాలా అని అడిగాడు. "మీ సైన్యాన్ని నా దేశం నుంచి తీసుకెళ్లండి" అంది. నా దేశం! ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

1943లో ఏథెన్స్‌లో యూదుల్ని వెతికి పట్టుకోవడం మొదలైంది. ఆలిస్ అప్పుడు బావగారి ఇంట్లో ఉండేది. రేచెల్ కోహెన్ అనే వితంతువునీ ఆమె కూతుర్నీ ఆ ఇంట్లో దాచింది. తర్వాత రేచెల్ కొడుకొకడు వచ్చి చేరాడు. రేచెల్ భర్త ఒకప్పుడు గ్రీస్ రాజుకి సాయపడ్డ మనిషి. దొరికితే వాళ్ల ప్రాణాలు పోయేవి, ఈమెకీ ముప్పే. అనుమానమొచ్చి గెస్టపో, అంటే జర్మన్ల రహస్య పోలీసులు, ఆలిస్‌ని ప్రశ్నించారు. మూడు భాషల్ని పెదాల మీద చదవగలిగిన మనిషి, ఆ రోజు వాళ్ల మాట ఒక్కటీ అందనట్టు కూర్చుంది. మళ్లీ మళ్లీ అడిగి, ఈ చెవిటావిడతో లాభం లేదని వెళ్లిపోయారు. 1944 అక్టోబరులో జర్మన్లు ఏథెన్స్ వదిలేదాకా ఆ కుటుంబం క్షేమంగా ఉంది.

తర్వాత ఆమె సన్యాసినుల దుస్తులే కట్టుకుంది. 1953లో కోడలు ఎలిజబెత్ పట్టాభిషేకానికి కూడా ఆ బూడిదరంగు అంగీతోనే వెళ్లింది. 1969లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో కన్నుమూసేనాటికి తనకంటూ దాదాపు ఏమీ మిగుల్చుకోలేదు. యూదుల్ని కాపాడినవాళ్లకి ఇజ్రాయెల్ ఇచ్చే గౌరవం 1993లో ఆమె పేరున దక్కింది. మరుసటి ఏడాది ఫిలిప్, అతని అక్క సోఫీ జెరూసలేం వెళ్లి అమ్మ పేరున చెట్టు నాటారు.

ఆమె సమాధి కూడా అక్కడే, ఆలివ్ కొండ మీద ఉంది. తన పిన్ని పక్కన పడుకోవాలని ఆమె కోరిక. అది 1988లో తీరింది. బతికుండగా ఆ కోరిక చెప్పినప్పుడు, అంత దూరం మేమెలా వచ్చి చూస్తామమ్మా అని సోఫీ బాధపడింది.

"ఎందుకు రాలేరు, బస్సులు బాగానే ఉన్నాయిగా" అందట ఆలిస్.

ప్రేమతో,
మీ నాయనమ్మ