తోకలో కన్నున్న చేప: ఇంట్లో చేసుకునే అలంకరణలపై అపోహలు - వాస్తవాలు

కుటుంబాలకు క్రాఫ్ట్ వర్క్‌షాప్‌లు చెప్పడం నా పని. పన్నెండేళ్లుగా అమ్మానాన్నలు, పిల్లలు, తాతయ్యలు, అమ్మమ్మలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని కాగితం కత్తిరిస్తుంటే చూస్తున్నాను. రుతువు మారినప్పుడల్లా ఇంట్లో ఒక మూలనైనా కొత్తగా సర్దుకోవాలన్న సరదా చాలామందికి ఉంటుంది. ఒకటి రెండుసార్లు చేసి, అది ఊడిపోయో ముడతలు పడో పాడైతే "మన చేతికి రాదులే" అని వదిలేస్తారు. నేను చూసినంతవరకు తప్పు చేతిది అయిన సందర్భాలు చాలా తక్కువ. కాగితం ఎటు మడిస్తే వంగుతుంది, జిగురు ఎలా ఆరుతుంది, పువ్వు రంగు ఎందుకు పోతుంది అన్నవి ఎవరూ చెప్పకపోవడం వల్లే పని చెడుతుంది.

అపోహ: పుట్టుకతో కళ ఉన్నవాళ్లకే ఇవి కుదురుతాయి

ఒకసారి మనవరాలితో ఒక పెద్దావిడ వచ్చారు. చేతులు వణుకుతాయి, కత్తెర పట్టలేనని కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నారు. కత్తెర తీసేసి, పాత మ్యాగజైన్లు ముందు పెట్టి, నీలం రంగు కనిపించిన చోటల్లా చింపమన్నాను. చింపిన అంచున కాగితం లోపలి తెల్లటి పీచు సన్నగా బయటపడుతుంది. ఆ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి వరసగా అతికిస్తే నురగ తేలిన అలలు వచ్చాయి. కత్తెరతో తిన్నగా కోసి ఉంటే అలా వచ్చేవి కావు. మనవరాలు ఆ సముద్రంలోకి ఒక ఎర్ర పడవ చేసి ఇచ్చింది. ఆ బొమ్మ వాళ్లింటి హాల్లో రెండేళ్లకు పైగా ఉంది.

నైపుణ్యం అక్కర్లేదని నేననను. కానీ అందులో ఎక్కువ భాగం నేర్చుకుంటే వచ్చేదే. ఉదాహరణకు, మిషన్ మీద తయారైన కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిక్కున పరుచుకుని ఉంటుంది. షీటును మడత పెట్టకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి. ఒక వైపు మెత్తగా వంగుతుంది, రెండో వైపు ఎదురు తిరుగుతుంది. మెత్తగా వంగే వైపు మడిస్తే మడత నున్నగా వస్తుంది. ఎదురు తిరిగే వైపు మడిస్తే మందపాటి చార్ట్ అయితే అంచు పగులుతుంది. ఇది తెలియక ఎంతమంది తమ చేతుల్ని తిట్టుకున్నారో!

అపోహ: జిగురు ఎంత ఎక్కువ పూస్తే అంత గట్టిగా అంటుకుంటుంది

నా క్లాసుల్లో ఎక్కువ పనులు పాడయ్యేది ఇక్కడే. మనం వాడే తెల్ల జిగురు నీళ్లలో కలిసి ఉన్న పాలీవినైల్ ఎసిటేట్. అందులోని నీళ్లు బయటకు పోతేనే అది గట్టిపడుతుంది. దట్టంగా పూస్తే నీళ్లు పోవడానికి చాలాసేపు పడుతుంది. ఈలోపు కాగితం ఆ నీళ్లు పీల్చుకుని ఉబ్బి ముడతలు పడుతుంది. కుంచెతోనో పాత అట్టముక్కతోనో పలచగా లాగి, రెండు ముక్కల్నీ నొక్కి, పైన ఒక శుభ్రమైన కాగితం వేసి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. పొద్దున తీస్తే పలకలా ఉంటుంది.

ఇదే కారణంగా రెండు ప్లాస్టిక్ ముక్కలు తెల్ల జిగురుతో అతుక్కోవు. నీళ్లు బయటకు పోవడానికి దారి ఉండదు, ప్లాస్టిక్‌ను అది సరిగా పట్టుకోదు కూడా. గాజు సీసా మీద రంగు టిష్యూ పేపర్ మాత్రం చక్కగా అంటుతుంది, ఎందుకంటే తేమ కాగితంలోంచి బయటపడుతుంది.

గ్లూ గన్ అయితే గట్టిగా పట్టుకుంటుంది కదా అంటారు. పట్టుకుంటుంది. కానీ అది కరిగించి వాడే ప్లాస్టిక్. వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది, అందుకే ఎండ పడే కిటికీకి కట్టిన తోరణం మధ్యాహ్నానికి ఊడి కింద పడుతుంది. ఎక్కువ వేడి రకం గన్‌లో జిగురు సుమారు 190 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. తక్కువ వేడి రకం కూడా సుమారు 120 డిగ్రీలు, అంటే మరిగే నీళ్ల కంటే ఎక్కువ. చర్మానికి అంటుకుంటే వెంటనే వదలదు. అందుకే మా బల్ల దగ్గర గ్లూ గన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఎక్కడ చుక్క పెట్టాలో వేలితో చూపించేది పిల్లలు.

అపోహ: పిల్లలకి మొండి కత్తెర ఇస్తే క్షేమం

కొన మొండిగా ఉండాలి. అంచు మాత్రం పదునుగా ఉండాలి. తెగని కత్తెరతో పిల్లలు బలం పెట్టి లాగుతారు, అప్పుడే జారుతుంది. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెర ఇవ్వండి. దానిలో బ్లేడ్లు తిరగేసి ఉంటాయి కాబట్టి గీసిన గీత వాళ్లకు కనిపిస్తుంది. ఇంకొక చిన్న సంగతి: గుండ్రంగా కోసేటప్పుడు కత్తెర తిప్పకూడదు, కాగితం తిప్పాలి. ఇది ఒక్కటి చెప్పాక పిల్లల ముఖాలు వెలిగిపోవడం ప్రతి క్లాసులోనూ చూస్తాను.

అపోహ: కాగితపు మంచు పువ్వు అంటే మడతలు పెట్టి ఎలా కత్తిరించినా ఒకటే

చలికాలం అలంకరణల్లో నాకు బాగా ఇష్టమైంది ఇదే, అందుకని కొంచెం ఎక్కువే చెబుతాను. అందరూ కాగితాన్ని సగానికి సగం మడుస్తూ పోతారు. విప్పితే నాలుగు రెక్కలో ఎనిమిది రెక్కలో వస్తాయి. అందంగానే ఉంటుంది, కానీ మంచు స్ఫటికానికి ఉండేవి ఆరు. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు షడ్భుజాల అల్లికలో కుదురుకుంటాయి, ఆ ఆకారమే పైకి ఆరు కొమ్మలుగా పెరుగుతుంది. ఈ ఆరు ఎందుకని 1611లోనే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఒక చిన్న గ్రంథం రాశాడు. 1885లో విల్సన్ బెంట్లీ అనే ఆయన మైక్రోస్కోప్‌కి కెమెరా బిగించి మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. ఈ కథ చెప్పి మొదలుపెడితే పిల్లలు రెక్కలు లెక్కపెట్టుకుంటూ కోస్తారు.

ఆరు రావాలంటే ఇలా మడవండి. పలచటి కాగితాన్ని చతురస్రంగా తీసుకుని ఒకసారి సగానికి మడవండి. మడత అంచు మధ్యలో పెన్సిల్‌తో చుక్క పెట్టండి. ఆ చుక్క దగ్గర నుంచి కుడివైపు మూడో వంతును లోపలికి, ఎడమవైపు మూడో వంతును దాని మీదికి మడవండి. మూడు భాగాలూ ఒకేలా ఉండాలి, ఇక్కడ తొందర వద్దు. ఇప్పుడొచ్చిన కోన్‌ను మధ్యకి ఇంకోసారి మడిస్తే పన్నెండు పొరలవుతాయి. పైన ఎగుడుదిగుడుగా ఉన్న భాగాన్ని కోసేసి, రెండు అంచుల్లోంచీ చిన్న చిన్న గాట్లు తీయండి. ఏ మడతనూ పూర్తిగా తెగ్గొట్టకండి. పన్నెండు పొరలు తెగాలి కాబట్టి చార్ట్ పేపర్ పనికిరాదు.

కాగితం మడతలు ఉత్త టైంపాస్ అనేవాళ్లకి ఒక మాట. కిండర్‌గార్టెన్‌కి మూలపురుషుడైన ఫ్రోబెల్ 1837లో జర్మనీలో చిన్నపిల్లల కోసం కేంద్రం మొదలుపెట్టి, కాగితం మడతలు, కాగితపు అల్లికలను పిల్లల చదువులో భాగం చేశాడు. మూడో వంతు అంటే ఏమిటో ఆరేళ్ల పిల్లకి చెప్పడం కష్టం. మడిపిస్తే దానంతటదే తెలుస్తుంది.

అపోహ: ప్రకృతిలో దొరికేవన్నీ పిల్లలకు మంచివే

ఎండుటాకులు, గింజలు, పుల్లలు ఏరుకొచ్చి అలంకరించడం నాకు ప్రాణం. కానీ ఈ అపోహ భయం పుట్టిస్తుంది. ఎరుపు నలుపు గురివింద గింజలు పూసల్లా ముచ్చటగా ఉంటాయి. వాటిలో అబ్రిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉంది. పైపొట్టు గట్టిది కాబట్టి గింజ అలా ఉన్నంతవరకు విషం లోపలే ఉండొచ్చు, నమిలినా సూదితో పొడిచి దండ గుచ్చినా ఆ రక్షణ పోతుంది. ఆముదం గింజలు, గన్నేరు ఆకులు, పువ్వులు, కొమ్మలు కూడా విషమే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇవి ఏ రూపంలోనూ వద్దు.

పువ్వుల రంగు గురించి కూడా చెప్పాలి. పుస్తకంలో నొక్కి ఎండబెట్టిన పువ్వు ఎప్పటికీ అలాగే ఉంటుందనుకుని కిటికీ దగ్గర ఫ్రేమ్ కడతారు. ఎరుపు, ఊదా, నీలం రంగుల్ని ఇచ్చే ఆంథోసయనిన్లు వెలుతురుకు విరిగిపోతాయి, కొన్ని నెలల్లో పువ్వు గోధుమ రంగుకు తిరుగుతుంది. మంచు తడి ఆరాక కోసి, పలచటి రేకులున్నవి ఎంచుకుని, తడి పీల్చే కాగితాల మధ్య పెట్టి, మొదటి వారం కాగితాలు మారుస్తూ ఉంటే రెండు మూడు వారాల్లో బాగా ఎండుతాయి. త్వరగా ఎండితే రంగు బాగా నిలుస్తుంది. తర్వాత ఎండ తగలని గోడకు పెట్టండి. ఆకులు పెళుసెక్కకుండా ఉండాలంటే ఒక వంతు గ్లిజరిన్, రెండు వంతుల నీళ్లలో కొమ్మ కాడలను నిలబెట్టండి. ఆకు ఆ ద్రవాన్ని తాగి తోలులా మెత్తగా మిగులుతుంది.

పైన్ కాయ దొరికితే మాత్రం జిగురుతో, పెయింట్‌తో మూసేయకండి. దాని పొలుసులో ఒక పొర తేమకు ఎక్కువగా సాగుతుంది, ఇంకొకటి తక్కువగా. అందుకే గాలి పొడిగా ఉంటే విచ్చుకుంటుంది, తడిగా ఉంటే ముడుచుకుంటుంది. దారం కట్టి గుమ్మం దగ్గర వేలాడదీస్తే పిల్లలు రోజూ వెళ్లి చూసి వాతావరణం చెబుతారు.

అపోహ: ఉప్పు కలిపిన పిండి బొమ్మలు ఎన్నాళ్లయినా పాడుకావు

రెండు కప్పుల పిండి, ఒక కప్పు ఉప్పు, కొంచెం కొంచెంగా ఒక కప్పు దాకా నీళ్లు. ముద్ద చేసి అర సెంటీమీటరు మందం ఒత్తి, చుక్కలు, చంద్రుళ్లు, పిట్టలు కోసుకుని, ఒవెన్‌లో 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు, మధ్యలో తిరగేస్తూ ఆరబెట్టాలి. వేడి పెంచితే ఉబ్బి పగులుతాయి. ఇంతవరకు అందరూ చేస్తారు. ఉప్పు గాలిలోని తేమను లాగుతుందన్నది మర్చిపోతారు. నా మొదటి సంవత్సరపు బొమ్మలు ఒక పెట్టెడు వానాకాలం దాటేసరికి చెమర్చి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటిలో మా అబ్బాయి వేలిముద్రలున్న నక్షత్రం కూడా ఉంది. దాని ముందువైపు వార్నిష్ వేశాను, వెనకవైపు వేయలేదు. రెండు వైపులా, అంచులకీ, దారం కట్టే రంధ్రం లోపలా వేయాలి.

కుక్క ఉన్న ఇంట్లో ఇవి అందకుండా పెట్టండి. అంత ఉప్పు తింటే దాని ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: మంట లేదు కాబట్టి బ్యాటరీ దీపాలతో భయం లేదు

కాగితం పక్కన నిజం దీపం కంటే అవి మేలే. కొవ్వొత్తి పెడితే చుట్టూ కనీసం 30 సెంటీమీటర్ల వరకు కాలే వస్తువు ఉండకూడదు. కానీ చిన్న బ్యాటరీ దీపాల్లో చాలావాటికి నాణెం లాంటి బటన్ బ్యాటరీ ఉంటుంది. పిల్లలు మింగి అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయేంత పని జరగొచ్చు. బ్యాటరీ మూత స్క్రూతో బిగించేదైతేనే కొనండి. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పగిలిన బెలూన్ ముక్కలను కూడా వెంటనే ఏరేయండి, అవి చిన్నపిల్లల ఊపిరి ఆడకుండా చేస్తాయి.

అపోహ: గ్లిట్టర్ లేకపోతే పండగ కళ రాదు

మామూలు గ్లిట్టర్ చాలావరకు ప్లాస్టిక్ తుంపులే. కాలువల్లోకి చేరితే తీయడం ఎవరి వల్లా కాదు. ఐరోపా యూనియన్‌లో విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాల మీద 2023 అక్టోబరు నుంచి ఆంక్షలున్నాయి. మెరుపు కావాలంటే చాక్లెట్ రేపర్లు నున్నగా సాపు చేసి కోయండి, వెలుతురు బాగా పట్టుకుంటాయి.

అపోహ: సీజన్ మారితే ఇల్లంతా మార్చాలి

ఒక్క మూల చాలు. మా ఇంట్లో ఒక ఎండిన కొమ్మ ఉంది, కుండీలో నిలబెట్టి. వేసవికి దాని మీద కాగితపు చేపలు, వానకు నీలం చుక్కలు, చలికాలానికి మంచు పువ్వులు. కొమ్మ అదే, ఉరుకులు పరుగులు లేవు.

తీసిన వాటిని దాచేటప్పుడు తోరణాలను అట్టముక్క చుట్టూ చుట్టండి, పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయండి. ప్రతి బొమ్మ వెనక పేరు, వయసు, సంవత్సరం పెన్సిల్‌తో రాయండి. చాలా పెన్నుల సిరా ఏళ్లు గడిచేకొద్దీ వెలుస్తుంది, వార్నిష్ తగిలితే పాకుతుంది. పెన్సిల్ గీత అలాగే ఉంటుంది. పిల్లలు ఆ బొమ్మ గురించి ఏం చెప్పారో అది కూడా రాయండి. మా వేసవి పెట్టెలో తోకలో కన్నున్న ఒక నారింజ రంగు చేప ఉంది. దాని వెనక ఇలా ఉంది: "నాలుగేళ్లు. వెనకాల ఎవరొస్తున్నారో చూసుకోడానికంట."