నిస్సాన్ ఉంటుందా, పోతుందా? జవాబు 1999లో వెతకాలి

జపాన్ కార్ల కంపెనీ నిస్సాన్ మన దేశంలో దుకాణం సర్దేస్తోందట అన్న మాట మళ్లీ మొదలైంది. హన్మకొండ, కరీంనగర్, నిజామాబాద్ సెకండ్ హ్యాండ్ కార్ల దగ్గర ఇలాంటి మాట ఒకటి పుట్టిందంటే ముందు దెబ్బ తినేది బేరం. నిస్సాన్ కారు మాగ్నైట్ అమ్మేవాడు ఒక ధర చెప్తాడు, కొనేవాడు నవ్వి ఊరుకుంటాడు. రేపు సామాన్లు దొరుకుతయా అన్నదే మొదటి ప్రశ్న. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఫస్ట్ ఓనరేనా, ఫైనాన్స్ తీరిందా అన్నవన్నీ ఆ తర్వాతే.

ఈసారి మంట పుట్టించిన సంగతులు రెండు. 2024-25లో నిస్సాన్‌కు సుమారు 67 వేల కోట్ల యెన్ల నష్టం వచ్చింది. మన డబ్బుల్లో 38 వేల కోట్ల రూపాయలకు పైమాటే. ప్రపంచం మొత్తం మీద 20 వేల ఉద్యోగాలు తీసేస్తామని, 17 ఫ్యాక్టరీలను 10కి తగ్గిస్తామని 2025 మేలో కంపెనీయే చెప్పుకుంది. దానికి మూడు నెలల ముందే హోండాతో విలీనం చర్చలు చెడిపోయాయి. రెండో సంగతి మనకు దగ్గరిది. చెన్నై పక్కన ఒరగడంలో ఫ్రాన్స్ కంపెనీ రెనోతో కలిసి నడిపిన ఫ్యాక్టరీలో తన 51 శాతం వాటాను నిస్సాన్ రెనోకే అమ్మేసింది. 2025 ఆగస్టు నుంచి ఆ ఫ్యాక్టరీ పూర్తిగా రెనోది. మాగ్నైట్ ఇప్పటికీ అక్కడే తయారవుతోంది, కానీ సొంతిల్లు అమ్మి అందులోనే కిరాయికి ఉన్నట్టు.

వాదన ఎక్కడ జరిగినా రెండు పక్షాలే. అన్ని వేల కోట్లు పోగొట్టుకున్న కంపెనీ బండి ఎట్ల నమ్ముతం అంటుంది ఒక పక్షం. బండికేం రోగం, కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు అయిదు స్టార్లు వచ్చినయి గదా అంటుంది రెండోది. కంపెనీ లెక్కల పుస్తకం వేరు, బానెట్ కింద ఉన్న ఇంజిన్ వేరు. ఈ రెండూ ఒకటి కావని మన మార్కెట్ పాతికేళ్ల కిందటే చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 కథ అందరికీ తెలిసిందే. నేరుగా 1998కి వద్దాం. ఆ ఏడాది చివర్లో కొన్ని నెలల తేడాతో మూడు చిన్న కార్లు మన మార్కెట్లోకి దిగాయి. సెప్టెంబరులో హ్యుందాయ్ శాంత్రో. ఆ వెనకే దేవూ మాటిజ్. డిసెంబరు 30న టాటా ఇండికా. మారుతిని తట్టుకోవడానికి ఒకేసారి వచ్చిన ఈ మూడింట్లో పొందికగా కుదిరిన బండి ఏదని ఆ రోజుల్లో స్టీరింగ్ పట్టినవాళ్లను అడిగితే, చాలామంది మాటిజ్ పేరే చెప్తారు. ఇటలీ డిజైనర్ జుజారో గీసిన ఆకారం, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, దాని మూలం సుజుకీ ఇంజిన్లలో ఉంది. శాంత్రో ఎత్తును చూసి జనం మొదట్లో మొహం చిట్లించారు. ఇండికా సంగతి ఇంకా కష్టం. దేశంలోనే డిజైన్ చేసిన కారని గొప్పగా చెప్పుకున్నా తొలి బండ్ల మీద ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి. 2000-01లో టెల్కోకు, అంటే ఇప్పటి టాటా మోటార్స్‌కు, 500 కోట్ల నష్టం వచ్చింది. కంపెనీ చరిత్రలో అదే మొదటి నష్టం.

నష్టాన్ని బట్టి బండిని కొలిచేవాడు ఆ రోజు ఇండికాను ముట్టుకోకూడదు. నాణ్యతను బట్టి కొలిచేవాడు మాటిజ్ కొనాలి. కొన్నవాళ్లకు తర్వాత ఏమైందో చూస్తే ఈ రెండు కొలతలూ తప్పాయి.

1999లో దక్షిణ కొరియాలో దేవూ గ్రూపు అప్పుల్లో కూలింది. అధిపతి కిమ్ ఊ-చూంగ్ దేశం విడిచిపోయాడు. 2000 నవంబరులో దేవూ మోటార్ దివాలా తీసింది. దాన్ని అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ (జీఎం) కొన్నది, 2002లో. మన దగ్గర ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు: దేవూ మునిగింది, జీఎం కొన్నది, అయిపోయింది. అసలు సంగతి ఆ కొనుగోలు ఒప్పందంలో ఉంది. జీఎం కొరియాలో తనకు కావలసిన ఫ్యాక్టరీలు తీసుకుంది. వియత్నాంలోని ఫ్యాక్టరీ తీసుకుంది. ఉత్తరప్రదేశ్‌లో నోయిడా పక్కన సూరజ్‌పూర్‌లో ఉన్న దేవూ మోటార్స్ ఇండియాను మాత్రం తీసుకోలేదు. అంటే డిజైన్లు కొన్నది, ఆ డిజైన్లకు డబ్బు కట్టిన భారతీయ కస్టమర్లను వదిలేసింది. సూరజ్‌పూర్ అప్పులు బ్యాంకుల మెడకు, బండ్లు ఓనర్ల మెడకు చుట్టుకున్నాయి.

ఆ తర్వాత జరిగినది ఇంకా చిత్రం. 2003లో జీఎం తన షెవర్లే పేరుతో తెచ్చిన ఆప్ట్రా వచ్చింది, 2006లో ఎవియో వచ్చింది, రెండూ దేవూ గీతలే. 2007లో మాటిజ్ వారసుడే షెవర్లే స్పార్క్ పేరుతో మళ్లీ షోరూముకెక్కింది. ఏపీ 36 అనే వరంగల్ నంబరు ప్లేటుతో పాత మాటిజ్ నడుపుతున్న మనిషి తన బండి చుట్టాన్నే అద్దాల షోరూములో కొత్త ధరకు చూశాడు. తన దానికి మాత్రం ఒక్క కంపెనీ కూడా జవాబుదారీ కాదు.

అదే 1999లో జపాన్‌లో నిస్సాన్ కూడా మునగడానికి సిద్ధంగా ఉంది. 1999-2000లో దాని నష్టం 68 వేల కోట్ల యెన్ల పైన, ఇప్పటి నష్టానికి దాదాపు సమానం. అయితే ఆ మార్చిలోనే రెనో వచ్చి 36.8 శాతం వాటా కొన్నది. కంపెనీని ముక్కలు చేయలేదు, అప్పుతో సహా పైకి లేపింది. ఒకే ఏడాది రెండు ఆసియా కంపెనీలు కూలే స్థితికి వచ్చాయి. ఒకదాన్ని నిలబెట్టి కొన్నారు, రెండోదాన్ని ఏరుకుని కొన్నారు. నా లెక్కలో ఈ వివాదానికి మూలం అక్కడే ఉంది. నష్టం ఎంత అన్నదాని కంటే, నష్టమొచ్చిన రోజున వచ్చినవాడు ఏం కొన్నాడు, ఏం కొనలేదు అన్నదే ఓనరు గతిని తేలుస్తుంది. ఇండికా ఎందుకు బతికిందో కూడా దీంతోనే అర్థమవుతుంది. 500 కోట్లు పోయినా టాటాలు కదలలేదు. 2001లో ఇండికా వీ2 తెచ్చి తప్పులు సరిచేశారు. ఆ తర్వాత వరంగల్ రైల్వే స్టేషన్ ముందు, కాజీపేట జంక్షన్ దగ్గర ట్యాక్సీ అంటే చాలా ఏళ్లు డీజిల్ ఇండికాయే.

నిస్సాన్‌కు తెలంగాణ కొత్త కాదు, కాబట్టి ఒక పక్కమాట. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు తయారు చేసింది. ఆ వ్యాపారం నిలబడలేదు, దశాబ్దం తిరక్కుండానే మహీంద్రా చేతికి పోయింది. జహీరాబాద్‌లో ఇవాళ మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. నిస్సాన్ అనే పేరు ఆ గేటు మీద నుంచి పోయింది, గేటు మాత్రం మూతపడలేదు. కూలీకీ కార్మికుడికీ ఇది మంచి వార్తే. అప్పట్లో ఆల్విన్ నిస్సాన్ ట్రక్కు కొన్నవాడికి మాత్రం కాదు.

దేవూ తర్వాత ఇక్కడ నిలవని కంపెనీలు వరస కట్టాయి. ఉత్తర తెలంగాణలో పెళ్లి బృందాలకూ మేడారం ప్రయాణాలకూ కిరాయి బండిగా తిరిగిన షెవర్లే టవేరా మీద 2013లో పెద్ద దెబ్బ పడింది. పొగ పరీక్షల్లో జరిగిన గోల్‌మాల్ బయటపడి 1.14 లక్షల బండ్లను జీఎం వెనక్కి పిలిచింది. 2017 చివరికి దేశంలో అమ్మకాలే ఆపేసింది. 2008లో స్పార్క్‌తో మొదలైన జీఎం తళేగావ్ ఫ్యాక్టరీని (మహారాష్ట్ర) 2023లో ఒప్పందం రాసుకుని హ్యుందాయ్ తీసుకుంది. 1998లో శాంత్రోతో మాటిజ్ పోటీ పడింది కదా, చివరికి మాటిజ్ వారసుడి ఇల్లు కూడా శాంత్రోవాళ్లదే అయింది. ఫియట్ మరో రకం. దాని 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ స్విఫ్ట్ డిజైర్‌లో, ఇండికా విస్టాలో లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. సొంత బిళ్లతో అమ్మిన పుంటో, లీనియాలను మాత్రం జనం పట్టించుకోలేదు. ఇంజిన్ నమ్మకమైనదే, కంపెనీ నిలవలేదు.

ఫోర్డ్ పోవడమే ఈ తరానికి బాగా గుర్తు. 2021 సెప్టెంబరు 9న, పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయాం, ఇక ఇక్కడ తయారు చేయం అని ప్రకటించింది. ఇక్కడ కంపెనీ వాదన కూడా చెప్పాలి. పదేళ్ల పాటు విడిభాగాలు ఇస్తామన్నది, సర్వీసింగ్ ఆపమన్నది. గుజరాత్‌లోని సనంద్ ఫ్యాక్టరీని 725.7 కోట్లకు టాటాలకు అమ్మింది, ఒప్పుకున్న ఉద్యోగులు టాటాల్లో చేరారు. చెన్నై ఫ్యాక్టరీలో మళ్లీ ఇంజిన్లు తయారు చేస్తామని 2025లో చెప్పింది. ఇవన్నీ నిజాలే.

అయితే మెకానిక్ షెడ్డులో కనిపించేది వేరు. ఫోర్డ్ కారు ఈకోస్పోర్ట్ క్లచ్ ప్లేట్లకు, బ్రేక్ ప్యాడ్లకు, ఫిల్టర్లకు, సస్పెన్షన్ బుష్‌లకు పెద్ద ఇబ్బంది ఉండదు. వాటిని కంపెనీ తయారు చేయదు. బయటి తయారీదారులు చేస్తారు, బయటి బజారులో కూడా అమ్ముతారు. చిక్కంతా గుద్దుకున్న బండితో వస్తుంది. ములుగు రోడ్డులో రాత్రిపూట గేదె అడ్డమొచ్చి ముందు భాగం పోయిన కారును ఊహించండి. హెడ్‌లైట్ సెట్టు, గ్రిల్, బంపర్ లోపలి బిగింపులు, ఫెండర్. వీటి అచ్చులు కంపెనీ చేతిలో ఉంటాయి. మారుతి బండికైతే ఇవి ఊర్లోనే దొరుకుతాయి, లేదా ఒకట్రెండు రోజుల్లో ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్ నుంచి దిగుతాయి. వెళ్లిపోయిన కంపెనీ బండికి ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి, లేదా పాత బండ్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర వెతకాలి. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి పోయినా బండి షెడ్డులోనే ఉంటుంది. టింకరింగ్ మేస్త్రీ సాగదీసి, అతికి, రంగు కొట్టి పంపిస్తే ఆ మరమ్మతు అందరికీ కనిపిస్తుంది, మళ్లీ అమ్మేటప్పుడు ధర ఇంకా పడుతుంది.

కనిపించని చిక్కు మరొకటుంది. ఇప్పటి బండ్లలో తాళంచెవిని, బ్రేకుల ఏబీఎస్ యూనిట్‌ను, ఇంజిన్ కంప్యూటర్‌ను బండికి పరిచయం చేయాలంటే సాధారణంగా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న యంత్రం కావాలి. పార్టు దొరికినా యంత్రం లేకపోతే బండి స్టార్ట్ కాదు. 2002లో మాటిజ్ ఓనరుకు ఈ బాధ ఇంతగా లేదు. పానాలు పట్టుకుని ఏదో ఒకటి చేసే మేస్త్రీ ఉండేవాడు. బండ్లు తెలివి మీరేకొద్దీ వెళ్లిపోయే కంపెనీ పెట్టే కష్టం పెరిగింది.

ఇక నిస్సాన్ డీలర్ల మాట. ఫ్యాక్టరీ మూతపడలేదు, యజమాని మారాడంతే అంటారు. మాగ్నైట్‌ను పదుల దేశాలకు పంపుతున్నాం, దేశంలో అమ్మేదాని కన్నా ఎగుమతే ఎక్కువ, కాబట్టి పార్టులు ఆగవు అంటారు. టెక్టాన్ అనే కొత్త ఎస్‌యూవీని కూడా ప్రకటించాం, పోయేవాడు కొత్త బండి తెస్తాడా అని అడుగుతారు. వినడానికి బాగానే ఉంది. అయితే దేశీయ మార్కెట్లో నిస్సాన్ వాటా ఒక శాతం కూడా లేదు. ఎగుమతి వాదన ఫోర్డ్‌కు కూడా ఉండేది. ఈకోస్పోర్ట్ చెన్నై నుంచి ఎన్నో దేశాలకు పోయింది, అమెరికాకు కూడా. డాట్సన్ పేరుతో చవక కార్లు తెచ్చిన నిస్సానే 2022లో ఆ పేరును ఆపేసిన సంగతి డాట్సన్ రెడీ గో కొన్నవాళ్లు మర్చిపోలేదు. అయినా డాట్సన్ ఓనర్లకు వెనకాల నిస్సాన్ ఉంది. నిస్సాన్ ఓనర్లకు వెనకాల ఎవరున్నారన్నదే ఇప్పటి ప్రశ్న.

రెనో ఈసారి కొన్నది 1999లో కొన్నట్టు కాదు. అప్పుడు కంపెనీలో వాటా కొన్నది, ఇప్పుడు ఫ్యాక్టరీ కొన్నది. మాగ్నైట్ ఓనరుకు సర్వీసు, వారంటీ, పార్టుల బాధ్యత అమ్మకాల కంపెనీ నిస్సాన్ మోటార్ ఇండియాదే. 2025లో మాగ్నైట్‌కు పదేళ్ల దాకా పొడిగించుకునే వారంటీని తెచ్చిందీ అదే కంపెనీ. హన్మకొండలో ఇప్పుడు మాగ్నైట్ బేరం ఆడేవాళ్లు ఆ కాగితాన్ని అడిగి చూస్తున్నారు. అందులో సంతకం ఎవరిది, ఆ వారంటీ రెండో ఓనరుకు బదిలీ అవుతుందా, ఆ కంపెనీని రేపు ఎవరైనా కొంటే ఈ బాధ్యత కూడా కొనాలని ఎక్కడైనా రాసి ఉందా అని.